ఒక్క డిస్కు పోతే అన్నీ పోవాలా? సర్వర్ డిస్కుల చరిత్ర, దాంతో మనకున్న పని



ఈ పోస్టు కొంచెం పెద్దది. తీరిక చూసుకుని చదవండి. మన గ్రూపులో భూమి గురించి, భాష గురించి, పోరాటాల గురించి చరిత్ర రాసుకుంటూ ఉంటాం. ఈసారి ఒక యంత్రం చరిత్ర రాస్తున్నాం. మనకెందుకు ఇది అనిపించొచ్చు. ఒకప్పుడు మన కాగితాలు బీరువాల్లో, పెట్టెల్లో ఉండేవి. ఇప్పుడు కుల ధ్రువీకరణ పత్రం, స్కాలర్‌షిప్ దరఖాస్తు, భూమి రికార్డు అన్నీ ఎక్కడో ఒక సర్వర్‌లో ఉంటున్నాయి. పెద్దవాళ్ల పాటలు, కథలు మనమే ఫోన్లలో రికార్డు చేసి డిస్కుల్లో పెడుతున్నాం. ఆ డిస్కు పాడైతే ఏం జరుగుతుంది? పోయింది తిరిగి వస్తుందా? ఈ ప్రశ్నకు దాదాపు 70 ఏళ్ల చరిత్ర ఉంది.

మొదటి డిస్కు

1956లో అమెరికాలో ఐబీఎం కంపెనీ రామాక్ అనే కంప్యూటర్‌ను బయటపెట్టింది. హార్డ్ డిస్కుతో వచ్చిన మొదటి కంప్యూటర్ అదే. ఆ డిస్కు యూనిట్‌లో 24 అంగుళాల వెడల్పు పళ్లేలు 50 ఉండేవి. బరువు దాదాపు ఒక టన్ను. అంతా కలిపి దాచగలిగింది 50 లక్షల అక్షరాలు. ఇవాళ మన ఫోన్‌లో తీసిన ఒక ఫోటోకి ఆ చోటు సరిపోతుందో లేదో.

అప్పటి నుంచి ఇప్పటిదాకా డిస్కు పనిచేసే తీరు పెద్దగా మారలేదు. పళ్లెం గిర్రున తిరుగుతుంది. దాని మీద వెంట్రుక మందం కన్నా ఎంతో తక్కువ ఎత్తులో చిన్న హెడ్ తేలుతూ చదువుతుంది, రాస్తుంది. కదిలే భాగాలున్న ఏ యంత్రమైనా ఒకరోజు ఆగుతుంది. బోరు మోటారు ఆగినట్టే ఇదీ ఆగుతుంది. మోటారు ఆగితే కొత్తది బిగిస్తే నీళ్లు వస్తాయి. డిస్కు ఆగితే కొత్తది కొనుక్కోవచ్చు గానీ, పాతదాంట్లో రాసింది కొత్తదాంట్లోకి దానంతటది రాదు.

లెక్కతో పోయినదాన్ని పట్టుకోవడం

1978 మే నెలలో అమెరికాలో ఒక పేటెంట్ మంజూరైంది. తీసుకున్నాయన ఐబీఎంలో పనిచేసే నార్మన్ కెన్ ఓచి. పేటెంట్ పేరును తెలుగులో చెప్పుకుంటే, చెడిపోయిన మెమరీ యూనిట్‌లోని డేటాను తిరిగి రాబట్టే పద్ధతి. దాని వెనక ఉన్న ఆలోచన మన ఊరి ధాన్యం బ్యాంకు లెక్కతో తేలిగ్గా అర్థమవుతుంది.

మూడు ఇళ్లవాళ్లు ధాన్యం వేశారనుకోండి. ఒకరు 4 కుంచాలు, ఒకరు 7, ఇంకొకరు 5. ఎవరి లెక్క వాళ్ల కాగితం మీద ఉంది. నాలుగో కాగితం మీద మొత్తం 16 అని రాసి పెట్టాం. రెండో ఇంటి కాగితం చెదలు తినేసింది. ఫర్వాలేదు. 16లోంచి 4, 5 తీసేస్తే 7 వచ్చేస్తుంది. ఆ ఇంటివాళ్లను అడగాల్సిన పని కూడా లేదు.

డిస్కుల్లో కుంచాలకు బదులు 1, 0 మాత్రమే ఉంటాయి. మొత్తానికి బదులు సరి బేసి చూస్తారు. మూడు డిస్కుల్లో ఒకే చోట 1, 0, 1 ఉంటే, ఒకట్లు రెండు, అంటే సరి సంఖ్య. అందుకని నాలుగో డిస్కులో 0 రాస్తారు. ఒకట్లు బేసి సంఖ్యలో ఉంటే 1 రాస్తారు. దీన్నే పారిటీ అంటారు. ఏ ఒక్క డిస్కు పోయినా మిగిలినవాటిని కలిపి చూస్తే పోయినచోట ఏముందో తెలిసిపోతుంది.

కానీ నాలుగింట్లో రెండు కాగితాలు పోయాయనుకోండి. మిగిలింది మొదటి ఇంటి 4, మొత్తం 16. పోయిన రెండూ కలిపి 12 అని తెలుస్తుంది. అది 7, 5 అవ్వొచ్చు. 10, 2 కూడా అవ్వొచ్చు. ఇక చెప్పలేం. ఈ హద్దును గుర్తుపెట్టుకోండి, తర్వాత వచ్చే కథంతా దీని మీదే నడుస్తుంది.

బర్క్లీలో పెట్టిన పేరు

1980ల్లో పర్సనల్ కంప్యూటర్లు రావడంతో చిన్న డిస్కులు చౌకయ్యాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్లీలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ అనే ముగ్గురు ఒక ప్రశ్న వేసుకున్నారు. ఒక్క పెద్ద ఖరీదైన డిస్కు బదులు చాలా చిన్న డిస్కులను కలిపి వాడితే పోలా? చవకగా వస్తుంది, వేగం కూడా పెరుగుతుంది.

అడ్డంకి ఏంటంటే, డిస్కులు ఎక్కువయ్యేకొద్దీ ఏదో ఒకటి చెడిపోవడం కూడా ఎక్కువవుతుంది. వాళ్ల లెక్క ఇలా ఉంది. ఒక డిస్కు సగటున 30,000 గంటలు పనిచేస్తుందని తయారీదారు చెప్తాడు. 100 డిస్కులు కలిపి పెడితే 300 గంటలకే వాటిలో ఒకటి పోతుంది. అంటే రెండు వారాలు కూడా కాదు. 1000 పెడితే 30 గంటలు. కాబట్టి చెడిపోవడాన్ని ముందే లెక్కలోకి తీసుకుని అదనపు డిస్కు పెట్టాలి అన్నారు. 1987 చివర్లో నివేదిక రాసి, 1988 జూన్‌లో షికాగోలో జరిగిన సదస్సులో ఆ పేపర్ చదివారు. అందులోనే ఈ పద్ధతికి రెయిడ్ అని పేరు పెట్టారు. చవక డిస్కుల వరుస అని అప్పటి అర్థం. కంపెనీలు వాటిని ఖరీదుకు అమ్మడం మొదలుపెట్టాక చవక అనే మాట తీసేసి విడివిడి డిస్కుల వరుస అని మార్చుకున్నాయి. పొట్టి పేరు మాత్రం అదే నిలిచింది.

ఇవాళ బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, సర్కారు ఆఫీసుల్లో ఉన్న సర్వర్లలో ఎక్కువ భాగం ఈ ఆలోచన మీదో, దాని పిల్లల మీదో నడుస్తున్నవే.

లెక్క ఎక్కడ తప్పింది

రెయిడ్ లెక్కలో ఒక నమ్మకం దాగి ఉంది. ఒక డిస్కు పోవడానికీ ఇంకో డిస్కు పోవడానికీ సంబంధం లేదన్నదే ఆ నమ్మకం. మొదటిది పోయాక, కొత్తది పెట్టి తిరిగి నింపేలోపు రెండోది పోయే అవకాశం చాలా తక్కువ అని.

2007లో అదే గార్త్ గిబ్సన్, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో బియాంకా ష్రోడర్‌తో కలిసి దాదాపు లక్ష డిస్కుల రికార్డులు తీసి చూశారు. కంపెనీలు చెప్పే అంకెల ప్రకారం ఏడాదికి నూటికి ఒక డిస్కు కూడా పోకూడదు. నిజానికి 2 నుంచి 4 దాకా మార్చడం మామూలుగా కనిపించింది. కొన్నిచోట్ల 13 దాకా వెళ్లింది. ఇంకో ముఖ్యమైన సంగతి, డిస్కులు పోవడం ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా లేదు. ఒకటి పోయిన తర్వాత దగ్గర్లోనే ఇంకోటి పోవడం ఎక్కువగా కనబడింది. ఇరవై ఏళ్ల కింద తాను పాలుపంచుకున్న లెక్కను ఆయనే మళ్లీ పరీక్షకు పెట్టాడన్నమాట.

ఆలోచిస్తే ఇందులో వింత లేదు. ఒకే పెట్టెలో బిగించిన డిస్కులు చాలాసార్లు ఒకే రోజు కొన్నవి. అదే వేడి, అదే కరెంటు, అదే దుమ్ము, అదే వయసు. పైగా ఒకటి పోయాక దాన్ని తిరిగి నింపాలంటే మిగిలిన డిస్కులన్నీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. మామూలు డిస్కులకు ఒక లెక్క ఇస్తారు: సుమారు 12.5 టెరాబైట్లు చదివితే ఒకచోట చదవలేకపోవడం ఉండొచ్చని. అది గరిష్ఠ హద్దుగా చెప్పే అంకె, ప్రతిసారీ అలా జరగదు. కానీ డిస్కులు పెద్దవయ్యేకొద్దీ ఆ భయం నిజమైంది. అందుకే రెండు డిస్కులు పోయినా తట్టుకునే రెయిడ్ 6 పద్ధతి వాడకంలోకి వచ్చింది.

ఆస్ట్రేలియా పన్నుల ఆఫీసు, 2016

ఈ సంగతులన్నీ ఒకేచోట కనిపించిన ఘటన ఆస్ట్రేలియాలో జరిగింది. 2016 డిసెంబర్ 12న ఆ దేశపు పన్నుల శాఖ వెబ్‌సైట్, సేవలు ఆగిపోయాయి. దేశం మొత్తం పన్నుల డేటా ఉన్న పెద్ద డిస్కుల యూనిట్ కూలింది. అందులో డిస్కులు 800 దాకా ఉన్నాయి. చెడిపోయినవి 12 మాత్రమే.

12 పోతే 800 ఎందుకు ఆగాయి? 2017లో ఆ శాఖ తన నివేదిక బయటపెట్టింది. లోపల ఉన్న ఫైబర్ కేబుళ్లు ఒత్తిడికి గురై ఉన్నాయి. డిస్కులను నడిపించే లోపలి ప్రోగ్రాములో లోపం ఉంది. కూలడానికి నెలల ముందు నుంచే హెచ్చరికలు నమోదవుతూ వచ్చాయి. ఏర్పాటు చేసేటప్పుడు దెబ్బ తట్టుకోవడం కన్నా వేగానికి ఎక్కువ విలువ ఇచ్చారు. అన్నిటికన్నా గుర్తుంచుకోవాల్సింది ఇది: కూలితే తిరిగి లేపడానికి కావాల్సిన సాధనాలు కూడా ఆ కూలిన యూనిట్‌లోనే ఉన్నాయి. బావిలో పడ్డవాణ్ణి తీయాల్సిన తాడు కూడా బావిలోనే పడినట్టు.

పన్ను కట్టేవాళ్ల డేటా మాత్రం పోలేదు. తిరిగి తెచ్చారు. కానీ రోజుల తరబడి పని ఆగింది. 2017 ఫిబ్రవరిలో మళ్లీ ఒకసారి ఆగింది.

రికవరీ చేసేవాళ్లు ఏం చేస్తారు

మనలో కొందరు పాలిటెక్నిక్, ఐటీఐ, డిగ్రీ కంప్యూటర్స్ చదువుతున్నారు. రేపు ఏదో ఆఫీసులో సర్వర్ గది తాళం మీ చేతికే రావచ్చు. అందుకని ఈ భాగం కొంచెం వివరంగా రాస్తున్నాం.

మొదటి పని, ఆపడం. చెడిపోయిన డిస్కుల వరుస మీద ఇంకేమీ రాయకూడదు. మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడకూడదు. కొత్తగా సెట్ చేయమంటారా అని స్క్రీన్ అడిగితే సరే అని నొక్కకూడదు. డేటా పోయిన కథల్లో చాలావాటిలో మొదటి దెబ్బ యంత్రం కొడితే, రెండో దెబ్బ కంగారుపడ్డ మనిషి కొట్టింది.

రెండో పని, ఏ డిస్కు ఏ గూటిలో ఉందో నంబరు రాసి అంటించడం. డేటా ముక్కలు ముక్కలుగా వరుస ప్రకారం పంచి ఉంటుంది. వరుస పోతే, పుస్తకం కుట్టు విప్పి పేజీలు కలిపేసినట్టే.

మూడో పని, ప్రతి డిస్కుకీ అచ్చు నకలు తీయడం. ఫైళ్లను కాదు, డిస్కు మొత్తాన్ని మొదటి గడి నుంచి చివరి గడి దాకా. దీనికి జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. అది ముందు తేలిగ్గా చదవగలిగినదంతా తీసుకుంటుంది, కష్టమైన చోట్లను గుర్తు పెట్టుకుని తర్వాత మళ్లీ ప్రయత్నిస్తుంది. చావుబతుకుల్లో ఉన్న డిస్కును మొదట్లోనే చెడ్డచోట సతాయించకూడదని.

నాలుగో పని, అసలు డిస్కులను పక్కన పెట్టేసి నకళ్ల మీదే లెక్క కట్టడం. వరుస ఏది, ముక్క సైజు ఎంత, పారిటీ ఎక్కడెక్కడ ఉంది అని. ఇక్కడ ఒక మోసం ఉంటుంది. రెండు డిస్కులు పోయాయంటే రెండూ ఒకేరోజు పోయినట్టు కాదు. ఒకటి మూడు నెలల కిందే వరుసలోంచి జారిపోయి ఉండొచ్చు, ఎవరూ చూడలేదు. ఇవాళ రెండోది పోతేనే సర్వర్ ఆగింది. ఆ పాత డిస్కును బలవంతంగా కలిపితే, మూడు నెలల కిందటి రాతలు ఇవాళ్టి రాతలతో కలిసిపోతాయి. కాబట్టి ఏది ఎప్పుడు జారిందో లాగ్ ఫైల్లో చూశాకే ముందుకెళ్లాలి.

ఇక డిస్కు టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తుంటే, లోపలి హెడ్ దెబ్బతిని ఉండొచ్చు. అప్పుడు కరెంటు తీసేయడమే. దుమ్ములేని గదిలో, సరిపోయే ఇంకో డిస్కు నుంచి విడిభాగాలు తెచ్చి బిగించేవాళ్లు ఉంటారు. ఖర్చు ఎక్కువ, హామీ ఉండదు. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని వీడియోల్లో చెప్తుంటారు. నమ్మి పెట్టకండి. బయటికి తీశాక తేమ పట్టి, ఉన్నది కూడా పోతుంది.

రెయిడ్ ఆపలేనివి

డిస్కు చెడిపోవడం ఒక్కటే ప్రమాదం అయితే కథ ఇక్కడితో అయిపోయేది.

2021 డిసెంబర్‌లో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం సూపర్ కంప్యూటర్‌లో 77 టెరాబైట్లు, అంటే సుమారు 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు మాయమయ్యాయి. ఒక్క డిస్కు కూడా చెడిపోలేదు. బ్యాకప్ ప్రోగ్రామునే మార్చబోతే, అది నడుస్తుండగా మార్పు జరిగి, పాత లాగ్ ఫైళ్లను చెరపాల్సింది పరిశోధకుల ఫైళ్లను చెరిపేసింది. 14 పరిశోధన బృందాల ఫైళ్లు పోయాయి. అందులో 4 బృందాలవి బ్యాకప్ నుంచి కూడా రాలేదు. చెరపమంటే డిస్కులన్నీ కలిసి నమ్మకంగా చెరుపుతాయి. పారిటీకి మంచి రాత, చెడు రాత తేడా తెలియదు.

2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో సర్కారు డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీలు అంటుకున్నాయి. ప్రభుత్వ ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ డ్రైవ్ కాలిపోయింది. 858 టెరాబైట్లు. బయట ఇంకెక్కడా నకలు లేదు. కొరియా సాంకేతికంగా మనకన్నా ఎంతో ముందున్న దేశం. అయినా డిస్కులన్నీ ఒకే కప్పు కింద ఉంటే, ఒక్క నిప్పురవ్వ చాలు.

వీటికి ఎదురు కథ కూడా ఒకటుంది. 1998లో అమెరికాలో పిక్సార్ స్టూడియోలో టాయ్ స్టోరీ 2 సినిమా ఫైళ్లు పొరపాటున చెరిగిపోయాయి. బ్యాకప్ కూడా సరిగా పనిచేయట్లేదని అప్పుడు తెలిసింది. గేలిన్ సస్మన్ అనే ఆమె పసిబిడ్డ ఉందని ఇంటి నుంచి పనిచేస్తుండటంతో, ఆమె ఇంట్లో కంప్యూటర్‌లో ఒక నకలు ఉంది. దాంతో గట్టెక్కారు. అంత పెద్ద స్టూడియోను కాపాడింది వేరే కప్పు కింద ఉన్న ఆ ఇంటి కంప్యూటర్.

మనకు దీంతో పని

2018 సెప్టెంబర్ 2 రాత్రి బ్రెజిల్‌లో రియో నగరంలోని జాతీయ మ్యూజియం కాలిపోయింది. అక్కడి ఆదివాసుల భాషల రికార్డింగులు, కాగితాలు అందులో ఉండేవి. కొన్ని భాషలకు మాట్లాడేవాళ్లు అప్పటికే మిగల్లేదు. ముందే నకలు తీసి వేరేచోట పెట్టినవి మాత్రమే మిగిలాయి. మిగతావాటిని ఏ లెక్కా తిరిగి తేలేదు. పన్ను లెక్కలైతే మళ్లీ అడిగి రాసుకోవచ్చు. చనిపోయిన అవ్వ గొంతును ఎవర్ని అడుగుతాం?

మన దగ్గరికి వద్దాం. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో గోండి లిపిలో రాసిన చేతిరాత ప్రతులు 2006లో వెలుగులోకి వచ్చాయి. ఊళ్లో పెద్దలు దాచిపెట్టుకోబట్టే అవి మిగిలాయి. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లోకి చేరింది. ఇంత దూరం వచ్చింది, ఇంట్లో పెట్టెలో కాగితం పదిలంగా ఉన్నందుకే. ఇప్పుడు మనం చేసే పని మాత్రం ఎక్కువగా కాగితం మీద లేదు. కిక్రి వాయిస్తూ తోటీలు, పర్ధాన్లు చెప్పే కథ, కొలామీలో పెళ్లి పాట, సవర అవ్వ చెప్పిన వైద్యం, కువిలో పండగ మాట, ఇవన్నీ ఎవరో ఒక విద్యార్థి లాప్‌టాప్‌లోనో, పెన్‌డ్రైవ్‌లోనో ఉంటున్నాయి. ఒక్కటే నకలు. రెయిడ్ దాకా కూడా వెళ్లని స్థితి మనది.

దీనికి పెద్ద సర్వర్ అక్కర్లేదు. పీటర్ క్రో అనే అమెరికా ఫోటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 అనే పద్ధతి ఉంది. మూడు నకళ్లు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో. మన లెక్కలో చెప్పాలంటే, ఒకటి రికార్డు చేసినవాళ్ల దగ్గర, ఒకటి ఊళ్లో బాధ్యత తీసుకునేవాళ్ల దగ్గర హార్డ్ డిస్కులో, ఒకటి దూరంగా హాస్టల్లో చదివే ఇంకో తమ్ముడో చెల్లెలో దగ్గర, లేదా క్లౌడ్‌లో.

ఆస్ట్రేలియాలో 2003లో మొదలైన పారడిసెక్ అనే ఆర్కైవ్ ఇలాంటి పనే చేస్తోంది. పసిఫిక్ దీవుల భాషల టేపులను డిజిటల్ చేసి, నకళ్లు వేర్వేరు చోట్ల ఉంచుతుంది. ఏది ఎవరు వినొచ్చో రికార్డింగ్ ఇచ్చినవాళ్లు షరతు పెట్టుకోవచ్చు. ఇది మనకూ ముఖ్యం. దేవుడి పనిలో పాడేవి, బయటివాళ్లకు వినిపించకూడనివి ఉంటాయి. మూడు నకళ్లు ఉండాలంటే మూడూ యూట్యూబ్‌లో పెట్టాలని కాదు. పెద్దలను అడిగి, ఎక్కడ పెట్టాలో వాళ్లతోనే తేల్చుకోవాలి.

ఇంకో మాట. నకలు ఉందనుకోవడం వేరు, ఉండటం వేరు. పిక్సార్‌లో బ్యాకప్ ఉందనే అనుకున్నారు. ఆరు నెలలకోసారి రెండో నకలు, మూడో నకలు తెరిచి నాలుగు ఫైళ్లు చివరిదాకా విని చూడండి. ఫైల్ పేరులో ఊరు, చెప్పినవాళ్ల పేరు, తేదీ ఉండేలా చూడండి. పేరు లేని ఫైల్ దొరికినా, అందులో ఉన్నది ఎవరి గొంతో చెప్పేవాళ్లు అప్పటికి ఉండకపోవచ్చు.

ఈ దసరా, దీపావళి సెలవుల్లో, దండారి రోజుల్లో మనలో చాలామంది ఊళ్లకు వెళ్తాం. వెళ్లేముందు కామెంట్లలో మూడు సంగతులు రాయండి: మీ దగ్గర ఏ భాష రికార్డింగులు ఉన్నాయి, ఎన్ని గంటలవి, ఎన్ని చోట్ల ఉన్నాయి. ఒక్కచోటే ఉన్నవాటి జాబితా ముందు తయారు చేద్దాం. రెండో నకలు తీయడం అక్కడి నుంచి మొదలుపెడదాం. డిస్కు లేనివాళ్లకు ఉన్నవాళ్లు సర్దుదాం. అక్కలు, అన్నలు, మీ కాలేజీలో పాత క్యాసెట్లు ఎవరి దగ్గరైనా ఉన్నాయని తెలిస్తే అది కూడా రాయండి.

జోహార్.